పాత మేడ పెళ్ళలు

కోనాపురం రాజుగారు తాతలనాటి మేడ కూల్చి, అక్కడే కొత్త సభ కట్టించారు. కూల్చిన ఇటుక పెళ్ళల దిబ్బకు పెత్తనం ఓబులమ్మది. ఏరించడం, దంచించడం, పనికొచ్చేదాన్ని మళ్ళీ పనికి పంపడం ఆమె కొలువు.

కొత్త సభలో రాజు తొలిసారి కొలువు తీరిన నాడు, దాన్ని కట్టిన స్థపతి వీరాచారి మీసం దువ్వుకుంటూ లేచాడు.

"పాత ఇంటి ఇటుక కొత్త ఇంటికి అరిష్టం ప్రభూ! పాత మేడ ముక్క ఒక్కటి కూడా పొద్దుగూకేసరికి ఊళ్ళో ఉండకూడదని ఆజ్ఞ ఇప్పించండి."

రాజు సరేనన్నాడు. ఓబులమ్మ గడ్డపార తెచ్చి, అద్దంలా మెరుస్తున్న సభ నేల మీద ఎత్తింది.

"ఆగవే! పిచ్చి పట్టిందా?" అని అరిచాడు ఆచారి.

"తమరు అడిగిన ఆజ్ఞే బాబూ. దిబ్బలో మిగిలింది నాలుగు బండ్లే. తక్కిందంతా నేను దంచించిన ఇటుక పొడి. తమ మేస్త్రీలే ఏడాదిగా పట్టుకెళ్ళి, సున్నంలో కలిపి ఈ నేల పోశారు. ఎక్కువున్న చోటే మొదలుపెడదామని వచ్చాను."

రాజు కిందికి చూశాడు. ఆ ఎర్రటి నునుపులో తన ముఖం కనబడింది. చిన్నప్పుడు తాత వేలు పట్టుకుని తడుముతూ నడిచిన గోడలు ఇవేనా!

"తవ్వమంటారా ప్రభూ?"

"ఆగు ఓబులమ్మా," అన్నాడు రాజు, గొంతు తగ్గించి. "ముందు నన్ను చెప్పులు విప్పనీ."