పసుపు బంతి తగలని గవరయ్య

రండర్రా, రండి! పలకలు గోడకి ఆనించి ఇలా దగ్గరగా కూర్చోండి. ముందువరసవాళ్ళు కాళ్ళు ముడుచుకోండి, వెనకవాళ్ళకీ చోటుండాలి కదా. ఊఁ కొడుతూ వినాలి మరి!

అనగా అనగా, మన తాతల తాతలకి కూడా పాలపళ్ళు ఊడని రోజుల్లో, వెదురుకోట అనే రాజ్యం ఉండేది. ఆ కోట పక్కన ఒక గరిడి ఇల్లు. అంటే కర్రసామూ కత్తిసామూ నేర్పే చోటన్నమాట. అక్కడి గురువు అప్పలస్వామి.

ఆయన మొదట కొట్టడం నేర్పేవాడు కాదు, తప్పుకోవడం నేర్పేవాడు. గుడ్డపీలికలతో బంతులు చుట్టి, పసుపునీళ్ళలో ముంచేవాడు. తెల్లబట్టలు కట్టిన శిష్యుణ్ణి మధ్యలో నిలబెట్టి, మిగతావాళ్ళ చేత విసిరించేవాడు. వంగాలి, జరగాలి, గిర్రున తిరగాలి. ఒంటిమీద ఎన్ని మరకలుంటే అన్ని దెబ్బలు తిన్నట్టు.

ఆ శిష్యుల్లో గవరయ్య అనేవాడి ఒంటిమీద ఒక్క మరకైనా ఉండేది కాదు. నీళ్ళలో చేపపిల్లలా జారిపోయేవాడు. ఎరకమ్మ అనే పిల్ల మాత్రం రోజూ పసుపుముద్దలా ఇంటికి పోయేది.

"ఏం ఎరకమ్మా, ఇవాళా మంగళస్నానమేనా? పెళ్ళికొడుకుది ఏ ఊరు?" అని నవ్వేవాడు గవరయ్య.

"ఏ ఊరైనా నీలా మిడతలా ఎగిరేవాడు మాత్రం కాదులే," అనేది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

ఇంతలో కోట నుంచి కబురొచ్చింది. రాణి మంగమాంబ తన ఐదేళ్ళ కూతురు చిన్నాదేవి అంగరక్షణకి ఒక మనిషిని వెతుకుతోందట. పౌర్ణమినాడు గరిడికే వచ్చి ఎంచుకుంటుందట. గెలిచినవాళ్ళకి కోటలో కొలువు, వెండిపిడి కత్తి!

గవరయ్యకి అన్నం సహించడం మానేసింది. వాళ్ళమ్మ అప్పుడే వీధివీధికీ వెళ్ళి "మావాడికే!" అని చెప్పేసింది మరి. కొలువు రాకపోతే ఏ మొహం పెట్టుకుని వీధిలో తిరుగుతాడు?

మర్నాటి నుంచి సాధన ముమ్మరం చేశాడు. మొదటి బంతి వచ్చింది. గవరయ్య చటుక్కున వంగాడు. వెనకాల తాంబూలం వేసుకుందామని నోరు తెరిచిన గురువుగారి నోట్లో పడింది బంతి.

"గురువుగారూ, నాకు తగల్లేదు!" అని గంతేశాడు గవరయ్య.

"థూ! థూ! ఎవరికి తగిలిందో నాకు తెలుస్తోందిరా," అన్నాడు గురువు.

రెండోరోజు సంతకి వెళ్ళాడు. తాడు తెంపుకున్న పొట్టేలొకటి కొమ్ములు వంచి వాడి మీదికొచ్చింది. వాడు గిర్రున తిరిగి తప్పుకున్నాడు. వెనక కూర్చున్న చల్ల అమ్మే అవ్వ కుండ కాస్తా ఢామ్మని పగిలింది. అవ్వ నెత్తి మీంచి మజ్జిగ కారుతోంది.

"చూశావా అవ్వా, నా వేగం?"

"చూశాను నాయనా. నీ నడుము బాగానే తిరిగింది. నా కుండకి తిరగడం రాదు కదా!"

"కొట్టింది పొట్టేలు, నేను కాదు," అని వాడు బట్టలు చూసుకున్నాడు. మజ్జిగ చుక్కయినా పడలేదు. ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

పౌర్ణమి వచ్చింది. రాణిగారు వచ్చారు. చిన్నాదేవి తెల్లటి పట్టుపావడా కట్టుకుని, చేత లడ్డూ పట్టుకుని వచ్చింది. ఆ పిల్లని పీట మీద కూర్చోబెట్టి, "ఈ పీట ముందు ఒక్కొక్కరే నిలబడండి. మూడు బంతులు విసిరిస్తాను," అంది రాణి.

ముందు ఎరకమ్మ. మొదటి బంతి రాగానే పీటని పిల్లతో సహా పక్కకి లాగి తానూ జరిగింది. రెండో బంతికి పిల్లని చంకనేసుకుని వంగింది. మూడోది మరీ వేగంగా వచ్చింది. కదిలే వ్యవధి లేదు. గోడలా నిలబడిపోయింది. చప్పున మొహమంతా పసుపు!

గవరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పీటతో కుస్తీ ఏమిటి తల్లీ!" కొలువు తనదే అనుకున్నాడు.

ఇక వాడి వంతు. మొదటి బంతి... వంగాడు. రెండోది... జరిగాడు. మూడోది... గాల్లో గిరికీ కొట్టాడు. "ఒక్క మరకా లేదు మహారాణీ!" అని చేతులు చాచి నిలబడ్డాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"నా లడ్డూ!" అని వెనక నుంచి ఒక్క ఏడుపు వినిపించింది. వాడు తిరిగి చూశాడు. పావడా పసుపు, జడ పసుపు, లడ్డూ మట్టిలో.

"నీ బట్టలు భేషుగ్గా ఉన్నాయి నాయనా. మరి నా బిడ్డవో?" అంది రాణి. వెండిపిడి కత్తి ఎరకమ్మ చేతిలో పెట్టింది.

గవరయ్య చిన్నాదేవి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన తెల్ల ఉత్తరీయంతో ఆ పిల్ల మొహం తుడిచాడు. మొదటిసారి వాడి బట్ట పసుపయింది. తర్వాత గురువు దగ్గరికి వెళ్ళాడు.

"మళ్ళీ మొదటినుంచీ నేర్పండి. వెనక మా అమ్మని నిలబెడతాను."

"వద్దురా బాబూ, ఆవిడేం పాపం చేసింది? ముందు గుమ్మడికాయతో మొదలుపెట్టు!"

ఆ నెలంతా పీట మీంచి గుమ్మడికాయలు దొర్లి పగులుతూనే ఉన్నాయి. గరిడిలో రోజూ గుమ్మడికాయ పులుసే. నెలాఖరుకి గుమ్మడికాయ క్షేమం. గవరయ్య ఒంటిమీద మాత్రం ఏడు మరకలు. "ఇప్పుడు నేర్చావురా!" అన్నాడు గురువు.

సరే, లేవండి, ఇళ్ళకి పోయి వేడి చల్లారకముందే అన్నాలు తినండి. దారిలో ఇది తలుచుకోండి: మీదికొచ్చే దెబ్బ నుంచి తప్పుకునే ముందు, అది మన వెనక ఎవరికి తగులుతుందో చూసుకోవాలి.