ఇరవై తొమ్మిదో మనిషి

సత్యవేణికి తన చేతులంటేనే భయం పట్టుకుంది.

నర్సింగు రెండో ఏడాది చదువుతోంది. గోదావరి పక్కనున్న ఒక మిషను ఆసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో డ్యూటీ. పన్నెండు రోజుల కిందట ఆరో బెడ్ ఆమెకి చెయ్యాల్సిన ఇంజెక్షను పట్టుకుని తొమ్మిదో బెడ్ దగ్గరికి వెళ్లింది. సూది ఇంకా తగల్లేదు. వార్డు చూసే మార్తా సిస్టర్ వెనకనుంచి వచ్చి సత్యవేణి చెయ్యి పట్టుకుని ఆపారు.

"పేరు అడిగావా?" అన్నారు.

అంతే. తిట్టలేదు, నలుగురిలో నిలబెట్టలేదు. మార్తా సిస్టర్‌ది ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. మాటలు మాత్రం మందు కొలిచి పోసినట్టు పోస్తారు.

తిట్టినా బాగుండేది. ఆ పని సత్యవేణే అందుకుంది. పక్కవాళ్లు తిడితే కాసేపటికి ఆపుతారు. తనను తాను తిట్టుకునేవాళ్లకి ఆ కాసేపు ఎప్పటికీ అవదు.

అప్పటినుంచి ప్రతి మాత్రా మూడుసార్లు చూసుకుని ఇచ్చేది. ఒక్కొక్కరి పేరూ ఐదేసిసార్లు అడిగేది. "సూరమ్మేనమ్మా, పొద్దుటినుంచీ మారలేదు" అని తొమ్మిదో బెడ్ ముసలమ్మ నవ్వేది. సత్యవేణికి నవ్వొచ్చేది కాదు. డ్యూటీ దిగి హాస్టల్‌కి వెళ్లి, చెప్పులైనా విప్పకుండా మళ్లీ వార్డుకి పరిగెత్తేది, సెలైను సరిగ్గా పెట్టానా లేదా అని. ముద్ద దిగేది కాదు. కునుకు పట్టేది కాదు. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనైపోయింది.

"నేను ఇక్కడ లేకపోతే నా చేతిలో ఎవరూ చావరు" అనుకుంది ఒకరోజు. కాస్త హాయిగా అనిపించింది. రోజూ అనుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి అందులోంచి "ఇక్కడ" అన్న మాట రాలిపోయింది. నేను లేకపోతే. అది గమనించిన పూట ఆమెకి ఒళ్లంతా చెమట పట్టింది.

ఎవరికి చెబుతుంది? కిందటేడు ఒక సీనియర్, మనసు బాగోలేదని నోరు జారింది. వారం తిరక్కుండా వాళ్ల నాన్న వచ్చి పెట్టే బేడా సర్దించి తీసుకుపోయాడు. ఆ అమ్మాయి ఉన్న గదిని హాస్టల్లో ఇప్పటికీ పిచ్చిగది అంటారు. ఆ పేరు పెట్టింది బయటివాళ్లు కాదు, రోగుల నాడి చూడటం నేర్చుకుంటున్న పిల్లలే. వాళ్లకీ లోపల భయమే అయ్యుంటుంది.

అందుకని సత్యవేణి చదువు మానేస్తున్నానని ఒక కాగితం రాసింది. కారణం, ఇంటి పరిస్థితులు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, ఉదయం డ్యూటీ ముగుస్తుండగా మార్తా సిస్టర్ బల్లమీద పెట్టింది.

సిస్టర్ చదివారు. మడిచి పక్కన పెట్టారు.

"పదకొండో బెడ్ ఆమె పొద్దున ఏం తింది?"

"రెండిడ్లీ, అర గ్లాసు పాలు సిస్టర్. పాలు కక్కేసింది."

"పదిహేడు?"

"ఏం తినలేదు. అడిగితే గోడవైపు తిరిగిపోతోంది. డాక్టరు గారికి చెప్పాను."

"నువ్వు?"

సత్యవేణి చూపు బల్లమీది కాగితం వైపు పోయింది.

సిస్టర్ కుర్చీ చూపించారు. సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీశారు. సత్యవేణి మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాసుకున్నారు.

"అన్నం ఎప్పుడు తిన్నావ్?"

"నిన్న... కాదు, మొన్న పొద్దున."

"నిద్ర?"

"రెండు గంటలు. ఒక్కోరోజు అదీ లేదు."

సిస్టర్ పెన్ను కింద పెట్టి ఆమె మొహంలోకి చూశారు.

"చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఔనంటే పెట్టె సర్దుకోవాలి. కాదంటే ఆ ఆలోచనతో ఒక్కతే గదికి పోవాలి. ఎటు చూసినా భయమే. కానీ గదికి పోవడమే ఎక్కువ భయమనిపించింది. మెల్లగా తలూపింది.

"ఎప్పట్నుంచి?"

జ్వరం ఎప్పట్నుంచి అని అడిగినట్టే అడిగారు. సత్యవేణి కూడా అలాగే చెప్పేసింది.

"నాలుగు రోజులు సిస్టర్."

"ఏమైనా చేసుకోబోయావా?"

"లేదు. భయమేసింది." అని భోరుమంది.

సిస్టర్ ఆమెని ఏడవనిచ్చారు.

రెండయింది. సాయంత్రం డ్యూటీకి కనకరత్నం వచ్చింది. సత్యవేణికంటే ఐదారేళ్లు పెద్ద, అక్కడే చదివి అక్కడే చేరిన మనిషి. రోజూ జరిగేదే అప్పుడూ జరిగింది. డ్యూటీ దిగేవాళ్లు, ఎక్కేవాళ్లని వెంటబెట్టుకుని ప్రతి బెడ్ దగ్గరా ఆగి, రోగిని అప్పజెబుతారు. పేరు, జబ్బు, ఏం ఇచ్చారు, ఇంకేం చెయ్యాలి. మార్తా సిస్టర్ సత్యవేణిని కూడా పక్కనే నడిపించారు.

ఒకటి. రెండు. మూడు.

ఆ తెల్ల కాగితం సిస్టర్ చేతిలోనే ఉంది. ఇరవై దాటాక సత్యవేణి కళ్లు దాన్ని వదల్లేదు. అది ఇక్కడ, వీళ్లందరి ముందూ చదువుతారా? పారిపోదామనుకుంది. తలుపు దూరంగా ఉంది.

ఇరవై ఎనిమిదో బెడ్‌తో వార్డు అయిపోయింది. సిస్టర్ ఇద్దరినీ దుప్పట్లు పెట్టే గదిలోకి తీసుకెళ్లి తలుపు మూశారు.

"ఈ ఒక్క మనిషికి చెప్పనా?" అని సత్యవేణిని అడిగారు.

మూసిన తలుపుని ఒకసారి చూసి, "చెప్పండి," అంది సత్యవేణి.

"సత్యవేణి, ఇరవై ఏళ్లు," అన్నారు సిస్టర్, బయట ఇరవై ఎనిమిది మందికీ వాడిన గొంతుతోనే. "పన్నెండు రోజులుగా తిండీ నిద్రా సరిగ్గా లేవు. నాలుగు రోజులుగా చచ్చిపోవాలనిపిస్తోంది. ఒంటరిగా వదలకూడదు. మూడింటికి సైకియాట్రీ డాక్టరమ్మ దగ్గరికి నువ్వే తీసుకెళ్లు, అంతసేపూ వార్డు పక్కవార్డు వాళ్లకి అప్పజెప్పు. ఫోన్ చేసి చెప్పి వెళ్తాను. రాత్రి డ్యూటీకి వచ్చేది సుగుణమ్మ. ఆవిడ ఒక్కదానికే అప్పజెప్పు. రేపు పొద్దున ఏడింటికి నేను తీసుకుంటాను."

కనకరత్నం మొహంలోకి చూడటానికి సత్యవేణికి ధైర్యం చాలలేదు. జాలిపడుతుందో, జడుసుకుంటుందో.

"జావ తాగుతావా, అన్నం కలిపి పెట్టనా?" అని అడిగింది కనకరత్నం.

సత్యవేణి తలెత్తింది. ఆ ప్రశ్న కాసేపటి కిందట పదిహేడో బెడ్ ఆమెనీ అడిగింది కనకరత్నం. అవే మాటలు.

"జావ," అంది.

కనకరత్నం జావ తేవడానికి వెళ్లింది. సిస్టర్ సత్యవేణిని తన బల్ల దగ్గరికి తీసుకొచ్చి చేతులు కడుక్కుంటున్నారు.

"నన్ను ఇంటికి పంపించేస్తారా సిస్టర్?"

"ఒంట్లో బాగోలేదని చెప్పినవాళ్లని గెంటెయ్యడం ఈ వార్డులో నేర్పానా నీకు? చదువు సంగతి నువ్వు తేరుకున్నాక మాట్లాడదాం."

సిస్టర్ ఫోన్ చేసి డాక్టరమ్మకి చెప్పారు. ఈలోగా జావ వచ్చింది. రెండు గుక్కలు దిగాయి, మూడోది దిగలేదు. రెండు గుక్కలని కనకరత్నం రాసుకుంది. సిస్టర్ సంచీ భుజాన వేసుకుని బయల్దేరారు. సత్యవేణి గ్లాసు పట్టుకునే వరండా దాకా వెంట వెళ్లింది. కనకరత్నం వెనకే వచ్చి నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"సిస్టర్, ఇంతమంది ప్రాణాలు ఇక్కడ వదిలేసి ఇంటికెళ్లాలంటే మీకు భయం వెయ్యదా?"

మార్తా సిస్టర్ మెట్లమీద ఆగి వెనక్కి తిరిగారు.

"వేస్తుంది. అందుకే అప్పజెప్పి వెళ్తాను."