గురివి తెరిచిన బుట్ట

ఊ కొడతారా? ఊ కొడితేనే చెబుతా. ఊ ఆగిందంటే కెరటం వచ్చి కథను లాక్కుపోతుంది.

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లోకి రాని కాలంలో, నడిసముద్రంలో ఒక దీవి. అక్కడ వరి పండదు, పప్పు పండదు, కొబ్బరి తప్ప ఏదీ పండదు. దీవికి ఉన్నదల్లా సముద్రం. మగవాళ్లు సూర చేపను పడతారు. ఆడవాళ్లు దాన్ని ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెడతారు. బియ్యం ఓడ వస్తుంది. ఎండుచేప ఎక్కుతుంది, బియ్యం దిగుతుంది. చేప లేదా, అన్నం లేదు.

సూర ఊరికే వస్తుందా? బతికున్న ఎర కావాలి దానికి. దీవి చుట్టూ పగడపు గట్టు. గట్టు లోపల నిలకడ నీళ్ల మడుగు. మడుగులో వేలెడంత ఎరచేపలు. పడవ అడుగున నీళ్లు నింపి, వాటిని ప్రాణాలతో తీసుకెళ్లాలి. నడిసముద్రంలో గుప్పెళ్లతో చల్లితే సూర మందలు పైకి లేస్తాయి. పొద్దు వాలాక మిగిలిన ఎరను తెచ్చి మళ్లీ మడుగులో వదలాలి. అది కట్టుబాటు.

ఆ ఎరను పట్టి, కొబ్బరి ఈనెల బుట్టల్లో మడుగులోనే ముంచి కాపాడే ముసలమ్మ గురివి. పొద్దున్నే పడవకో బుట్ట ఇస్తుంది. పడవ తిరిగొచ్చాక ఆమెకొక చేప తలకాయ పడేస్తారు. అంతకుమించి ఆమె ఊసెత్తినవాళ్లు లేరు.

ఒక ఏడు ఓడవాడు రేవులో ఒక మాట విసిరాడు. "ఎవరి పడవ ముందొస్తే వాళ్లకి రెండింతల బియ్యం!"

ఇక చూడండి తమాషా. పడవ అడుగున నీళ్లుంటే బరువు. బరువుంటే వెనకబాటు. అందుకని పడవ నడిపే సరంగులు నడిసముద్రంలోనే నీళ్లు తోడి పారబోయడం మొదలెట్టారు. నీళ్లతో పాటు మిగిలిన ఎరనూ. మడుగులో పుట్టిన చేప ఆ లోతులో ఎంతసేపు బతుకుతుంది?

ముందొచ్చిన పడవ సరంగు బండియ్యది. గురివి రేవులో అడ్డం నిలబడింది.

"ఖాళీ బుట్ట తెచ్చావేం నాయనా? మిగిలిన ఎర ఏదీ?"

"ఏటే ముసలీ, సముద్రానికి చేపల కరువా? నీ తలకాయ నీకొచ్చింది కదా, కూకుని చీక్కో!"

రేవంతా నవ్వింది.

"నాకు భయమేస్తోంది నాయనా," అంది గురివి. "నీకెయ్యట్లేదా?"

ఎయ్యలేదు. గెలుస్తున్నవాడికి భయం ఎందుకేస్తుంది?

మొదటి ఏడు మడుగు పలచబడింది. రెండో ఏడు బుట్టలు సగమే నిండాయి. మూడో ఏడు మడుగంతా గాలిస్తే ఒకే ఒక్క బుట్టెడు ఎర దొరికింది. ఎర లేక సూర రాలేదు. సూర లేదని తెలిసి ఓడ దూరం నుంచే తెరచాప తిప్పుకుపోయింది. కుండల్లో బియ్యం అడుగంటింది. జనం రాళ్లకంటిన నత్తలు గీక్కుని తిన్నారు. నత్తలు మాత్రం ఎన్నాళ్లుంటాయి?

గురివి నడుంలోతు నీళ్లలో ఆ ఒక్క బుట్ట పట్టుకుని నిలబడింది.

మొదట రేవు పెద్ద మసేను వచ్చాడు. "గురివక్కా, ఆ బుట్ట ఇయ్యి. ఒక పడవ పంపుతాం. ఇంటికో ముక్క వస్తది."

"ఆ తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత. పోనీ, వదిలేస్తే ఇవి మళ్లీ మడుగు నింపుతాయని నీకు తెలుసా?"

"తెలీదు. అందుకే భయమేస్తోంది. నీకెయ్యట్లేదా?"

మసేను తలొంచుకుని పోయాడు.

తర్వాత బండియ్య వచ్చాడు, తెడ్లేసేవాళ్లను వెంటేసుకుని. ఈసారి ఎవరూ నవ్వలేదు. "పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే చేపలకి కాపలా కాస్తావా? లాక్కుంటాం!"

"లాక్కో నాయనా. పారబోసిన చెయ్యే కదా, దానికి అలవాటే. నాకు మాత్రం భయమేస్తోంది. నీకెయ్యట్లేదా?"

బుట్ట తాడు మీద పడిన బండియ్య చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత వెనక్కి పోయింది.

ఆఖరున గురివి కూతురు పైడమ్మ వచ్చింది. భుజం మీద చంటిపిల్ల.

"అమ్మా, నాకు పాలు పడట్లేదే. పిల్ల ఏడవడం కూడా మానేసింది."

గురివి పిల్ల మొహం చూసింది. బుట్ట వైపు చూసింది. "భయమేస్తోందే పైడీ," అంది.

"నాకూ ఏస్తోందమ్మా. పిల్ల పోతుందని."

అందరినీ ఒకే ప్రశ్న అడిగిన గురివికి ఆ జవాబు ఎదురైంది.  ఆమె బుట్టను పొట్టకు అదుముకుంది.

"ఇంకొక్క మాట అనకే. అన్నావంటే ఇచ్చేస్తాను."

పైడమ్మ నోరు తెరిచింది.

గురివి మూత తెరిచింది.

నీళ్లలో ఒక్క తళుకు. అంతే, బుట్ట ఖాళీ. పైడమ్మ పెట్టిన కేక గట్టుదాకా వినపడింది.

ఆపైన ఊరు గురివిని వెలేసింది. కూతురూ మాట్లాడలేదు. రోజూ తెల్లారేసరికి పైడమ్మ గుమ్మంలో ఆకు కింద గుప్పెడు నత్తలు, ఓ కొబ్బరి ముక్క ఉండేవి. ఎవరు పెట్టారో పైడమ్మకు తెలుసు. తినేది. పిల్లకు పాలిచ్చేది. మాట మాత్రం లేదు. వానలు ముదిరాక ఒక రోజు ఆకు కింద ఏమీ లేదు. వెళ్లి చూస్తే గురివి పోయి ఉంది. తను చేసింది మంచో చెడో తెలియకుండానే పోయింది. పిల్ల మాత్రం బతికింది.

వానలు వెళ్లి గాలి మళ్లింది. పైడమ్మ తన తల్లి బుట్టను నీళ్లలో వదిలేద్దామని మడుగులోకి దిగింది. కాలికేదో తగిలింది. నాచు అనుకుంది. మళ్లీ తగిలింది. ఊపిరి బిగబట్టింది. ఆమె కదలకపోవడం చూసి ఒడ్డు మీంచి మసేను అడిగాడు:

"తగిలిందా పైడీ?"

పాదాల చుట్టూ సన్నగా, చల్లగా, గోరంత ఎరచేప పిల్లలు.

"తగిలింది మావా," అంది పైడమ్మ. అని, ఖాళీ బుట్టను కావలించుకుని ఏడ్చింది.

ఇప్పటికీ ఆ దీవిలో ముందొచ్చిన పడవకు ముద్ద ఎక్కువ లేదు. మిగిలిన ఎరను మడుగులో వదులుతూ "ఇది గురివిది" అంటారు. ఏటా గాలి మళ్లినప్పుడు ఆడవాళ్లు ఖాళీ బుట్టలతో మడుగులో దిగి కదలకుండా నిలబడతారు. మగవాళ్లు ఒడ్డున తెడ్లు పట్టుకుని ఊపిరి బిగబడతారు. "తగిలిందా?" "ఇంకా లేదు." "తగిలిందా?" "ఇంకా లేదు." తగిలిందనే మాట వినపడేదాకా ఒక్క పడవా కదలదు.

"ఒక ఏడు తగలకపోతే?" అని పిల్లలు అడుగుతారు.

పెద్దవాళ్లు పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని నీళ్లలోకి దింపుతారు.