తుడవని పలక

మౌనదీక్షలో గవరయ్యకు అడ్డొచ్చింది ఆకలీ కాదు, మోకాళ్ళ నొప్పీ కాదు. ఎడమపక్క చాప మీది పోలయ్య తాత దగ్గు.

వంశధార ఒడ్డున, కొండ మీద ఉండేది ఆ ఆశ్రమం. ఇరవై ఒక్క రోజులు నోరు మెదపకుండా కూర్చున్నవాళ్ళనే స్వామి శిష్యులుగా తీసుకునేవారు. మాట జారితే మూట సర్దుకోవడమే. గవరయ్య రెండేళ్ళు బతిమాలి ఆ చాప సంపాదించుకున్నాడు.

అవసరాలు చెప్పుకోవడానికి తలా ఒక పలక ఇచ్చేవారు. సాయంత్రం రాసి స్వామి అరుగు మీద పెట్టాలి. స్వామి చదివి, తీర్చవలసింది తీర్చి, పొద్దున్నే దొండాకుతో తుడిచి తిరిగి ఇచ్చేవారు. ఆ పసరు వాసనకు గవరయ్యకు చిన్ననాటి బడి గుర్తొచ్చి ప్రాణం లేచి వచ్చేది. ఆ ముచ్చట మూడు రోజులే.

నాలుగో రోజు దగ్గు మొదలైంది. ఇలా కళ్ళు మూసుకుంటే అలా ఖళ్ళుమనేది. గవరయ్య పళ్ళు నూరాడు, బుసలు కొట్టాడు. "తాతను ఇక్కణ్ణుంచి మార్చండి" అని రాశాడు. మర్నాడు పలక నున్నగా వచ్చింది, తాత కదల్లేదు. ఆరు రోజులు అదే రాశాడు. ప్రతిసారీ దొండాకే జవాబు.

పదో రోజు పొద్దున, పలకలు ఇంకా తిరిగి రాకముందే, ధ్యానంలో ఉండగా అరిచేశాడు.

"ఇంక ఆపవయ్యా ముసలోడా!"

అందరూ తిరిగి చూశారు. అనడానికి వాళ్ళకు మాట లేదు. గవరయ్య చాప చుట్టుకుని స్వామి దగ్గరికి వెళ్ళాడు.

"సెలవు ఇప్పించండి స్వామీ."

"వెళ్దువుగాని. ముందు ఆ పలకలు తుడిచిపెట్టు నాయనా."

గవరయ్య ఆకులు నలిపి కూర్చున్నాడు. ఒకరికి దోమల బాధ. ఒకరికి పులుసులో పులుపు ఎక్కువైంది. ఇంకొకరు "మూడో చాప అతని బుసలు భరించలేకున్నాను" అని రాశారు. మూడో చాప తనదే.

అట్టడుగున వంకర అక్షరాల పలక.

"నా దగ్గుతో పక్క బాబుకి కునుకు లేదు. నన్ను పశువులపాకలో పడుకోనీండి. పోలయ్య."

"ఆరు రోజులుగా ఇదే రాస్తున్నాడు," అన్నారు స్వామి.

"మరి పంపలేదేం స్వామీ?"

"నువ్వు రాసిందీ అదేగా. ఇద్దరూ నీ కునుకు కోసమే రాశారు, తాత కోసం ఎవరూ రాయలేదు. అందుకే రెండూ తుడిచేశాను."

గవరయ్య మిగతా పలకలన్నీ తుడిచాడు. ఆ ఒక్కటీ తుడవడానికి చెయ్యి రాలేదు. తన పలక తీసుకుని "తాతకు మిరియాల కషాయం" అని రాసి అరుగు మీద పెట్టాడు. స్వామి దాన్ని చదివి, తుడవకుండా వంటశాలకు పంపారు.

"చాప పరుచుకో. నీకు ఇవాళ మొదటి రోజు," అన్నారు.

ఇప్పుడు గవరయ్యకు డెబ్బై దాటాయి. తాత లేడు, స్వామీ లేరు. అరుగు పక్కన దొండపాదు మాత్రం ఇంకా అల్లుకునే ఉంది. ధ్యానానికి కూర్చుంటే, ఆకు రాలినా వినబడేంత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో గవరయ్య ఎడమపక్కకు చెవి ఒగ్గుతాడు. ఆ దగ్గు ఒక్కసారి వినబడితే ఎంత బాగుండును అనుకుంటాడు.