ఎండ తగలని ముక్క

అనగనగా ఒక అడవిలో, ఏటి మధ్యన ఒక చిన్న లంక ఉండేది. ఆ లంకలో అచ్చాయమ్మ అనే కుందేలు తన నలుగురు పిల్లలతో కాపురం ఉండేది. వేసవిలో ఇసుక మీద నడిచే ఒడ్డుకు వచ్చేయొచ్చు. వానలు పడితే మాత్రం లంక నిలువునా మునుగుతుంది. అందుకే ఆ ఏడు అచ్చాయమ్మ ఒక పాత పడవ కొనాలనుకుంది. బలే చిక్కొచ్చి పడింది చూడండి, ఆమెకు కావలసింది ఏదో ఒక పడవ కాదు. ఆ పడవే కావాలి!

ఎందుకో చెబుతాను. ఆమె చిన్నప్పుడు పెద్ద వరద వచ్చి, పట్నం మనుషుల పడవలు రెండు కొట్టుకొచ్చాయి. కెవ్లార్ అనే గట్టి పోగుల బట్టకు జిగురు పట్టించి చేసినవి. పసుపుకొమ్ము రంగు, ఎత్తితే తేలిక. ఒకటి ఎలుగుబంటి తాతకు దొరికింది. ఇంకొకటి ముంగిసల ఇంటికి చేరింది. ఎలుగు తాత అచ్చాయమ్మను ముందు బల్ల మీద కూర్చోబెట్టుకుని, పాట పాడుతూ ఏరు దాటించేవాడు. ఆ పాట, ఆ తెడ్డు చప్పుడు, కాళ్ళ కింద ఆ చల్లదనం ఆమె ఎన్నటికీ మరిచిపోలేదు. ఎలా మరిచిపోతుంది? నేను మాత్రం మా అమ్మ ఒడి మరిచిపోయానా?

ఇప్పుడు ఆ పడవ ఎలుగు తాత మనవడు వీర్రాజు దగ్గర ఉంది. వేసవంతా దాచిన వేరుశనగ మూట నెత్తిన పెట్టుకుని, పిల్లలను వెంటేసుకుని, అచ్చాయమ్మ అక్కడికి వెళ్ళింది. పడవ గట్టిదో కాదో చూసిపెట్టమని తాబేలు తాత కూర్మయ్యను కూడా పిలుచుకెళ్ళింది.

పడవ ఇసుకదిబ్బ మీద, అందరికీ కనబడేలా ఉంది. పైన నూనె రాసి నిగనిగలాడించారు.

"తాత పోయాక నేను దీన్ని నీళ్ళలో దించనే లేదు చెల్లెమ్మా. ఒక్క గీత కూడా పడనివ్వలేదు!" అన్నాడు వీర్రాజు గర్వంగా.

అచ్చాయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదే బల్ల! నేను కూర్చున్న బల్ల!" అంటూ మూట కింద పెట్టేసింది.

"ఆగమ్మా," అన్నాడు కూర్మయ్య. ముందుగా ఆ బల్లను పైకి లేపాడు. బల్ల కింద పడవ ఇంకా పసుపుకొమ్ములాగే ఉంది. చుట్టూ మాత్రం చింతపండు రంగుకు తిరిగింది. తరువాత నూనె తుడిచి, పడవ ముక్కు మీద అరచేత్తో రుద్దాడు. తెల్లటి పొడి రాలింది, లోపలి పోగులు పీచు పీచుగా లేచాయి. చివరికి అడుగున వేలితో కొట్టాడు. గట్టి పడవ గట్టిగా పలకాలి. ఇది బొదబొదమంది. నొక్కితే మగ్గిన బొప్పాయిలా లోపలికి పోయింది.

"దీన్ని ఎండ తినేసిందమ్మా," అన్నాడు కూర్మయ్య.

అచ్చాయమ్మకు ఒళ్ళు మండింది. "నీకేం తెలుసు తాతా? నువ్వెప్పుడైనా ఇందులో కూర్చున్నావా? నేను ఇదే తీసుకుంటాను. ఇప్పుడే నా పిల్లలను ఎక్కిస్తాను!"

"సరే తల్లీ, నీ ఇష్టం. ఒక్క మాట విను. ముందు పిల్లలంత బరువున్న రాళ్ళు నాలుగు పెట్టి, మడుగులోకి తోసి చూడు."

అచ్చాయమ్మ సణుక్కుంటూనే నాలుగు రాళ్ళు పెట్టింది. వీర్రాజు పడవను మడుగులోకి తోశాడు. అబ్బ, ఎంత అందంగా తేలిందో! పిల్లలు చప్పట్లు కొట్టారు. అచ్చాయమ్మ ఎలుగు తాత పాటే అందుకుంది. రెండో చరణం రాకముందే పరపరమని చప్పుడైంది. అడుగు చీలి, పడవలోకి నీళ్ళు పొంగాయి. నాలుగు రాళ్ళూ ఒకదాని వెనక ఒకటి మడుగు అడుక్కు జారిపోయాయి.

అచ్చాయమ్మ ఆ రాళ్ళ వంక చూసింది. ఒడ్డున ఉన్న పిల్లల వంక చూసింది. నలుగురినీ దగ్గరకు లాక్కుని గట్టిగా పట్టుకుంది.

పాపం వీర్రాజు, అంత ఎలుగుబంటీ చతికిలబడి ఏడ్చాడు. "ఒక్క గీత పడనివ్వలేదు కదా తాతా!"

"గీత పడనివ్వలేదురా. ఎండ మాత్రం పడనిచ్చావు. నీడన పెట్టుంటే బతికుండేది," అన్నాడు కూర్మయ్య.

వీర్రాజు మూట తిరిగి ఇచ్చేశాడు. అందరూ ముంగిస నూకాలు ఇంటికి వెళ్ళారు. నూకాలు ముసలిదైపోయి తెడ్డు వేయలేక, తన పడవ ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటోంది.

"నా పడవకు అందం లేదమ్మా. రోజూ వాడాను. రాళ్ళకు గీసుకుంది," అంది నూకాలు మొహమాటంగా.

ఆ పడవ తాటాకు పాక కింద బోర్లించి ఉంది. నిండా గీతలే. ఈసారి అచ్చాయమ్మే బల్ల లేపింది. రంగు పెద్దగా తేడా లేదు. రుద్దింది, పొడి రాలలేదు. కొట్టింది, ఖంగుమంది. గీతలన్నీ పైపైనే. ఒడ్డుకు లాగీ లాగీ ముక్కు దగ్గర ఒక్క చోట మాత్రం పోగులు బయటపడ్డాయి.

"దీనికి అతుకు వేయాలి. మంచి కెవ్లార్ ముక్క ఎక్కడ దొరుకుతుందో మరి," అన్నాడు కూర్మయ్య.

వీర్రాజు ఒక్క పరుగున మడుగు దగ్గరకు వెళ్ళాడు. తాత పడవలో బల్ల కింది పసుపు ముక్కను, ఎండ ఎన్నడూ తగలని ఆ ఒక్క ముక్కను, జాగ్రత్తగా కోసి తెచ్చాడు. గుగ్గిలం కాచి అతికించారు. వేరుశనగ మూట నూకాలు ఇంటికి చేరింది.

ఆ ఏడు వరద గట్టిగానే వచ్చింది. లంక మునిగింది. అచ్చాయమ్మ నలుగురు పిల్లలనూ పడవలో కూర్చోబెట్టుకుని తెడ్డు వేసింది. చిన్నది ముందు బల్ల ఎక్కి, పడవ ముక్కు మీదికి వంగి, ఆ పసుపు అతుకు మీద చెయ్యి పెట్టింది.

"అమ్మా, ఇదేంటి?"

"అది నా చిన్నతనమే," అంది అచ్చాయమ్మ. తాత పాట మొదలుపెట్టింది. ఈసారి ఒడ్డు చేరేదాకా పాడింది.

నీతి: జ్ఞాపకాన్ని మనసులో దాచుకోవచ్చు, పిల్లలను ఎక్కించే పడవను మాత్రం తట్టి, రుద్ది, కళ్ళారా చూశాకే తీసుకోవాలి.