రాజుగారి బొబ్బట్టు, సింగమ్మ గట్టు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టగానే ఏ రాజ్యం, ఎక్కడ అని ఆరా తీసే మహానుభావులుంటారు. ఊరు పేరు చెబితే ఆ రాజుగారి మునిమనవలు నా మీదికొస్తారు, నాకెందుకొచ్చిన గొడవ! రాజుగారి పేరు శౌరిభూపాలుడు అనుకుందాం, సరిపోతుంది.

రాజుగారు మంచివారే. కాకపోతే తన తీర్పులంటే తనకే మహా ముచ్చట. ఒకసారి తీర్పు చెప్పారంటే ఊరూరా దండోరా వేయించేవారు. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చి చెప్పినా మార్చేవారు కాదు.

ఆ కొలువులో కొమ్మన అని ఒక విదూషకుడు ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని పని. పంక్తి భోజనాల్లో రాజుగారి పక్క పీట అతనిదే.

ఒకనాడు సింగమ్మ అనే రైతు సభకు వచ్చి మొరపెట్టుకుంది. మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటున్న మనిషి. పక్క పొలం వీరకోటప్పది. ఏటా దుక్కి దున్నేటప్పుడు కోటప్ప గట్టును తనవైపు చెక్కి, ఆ మట్టిని ఆమె వైపు పోస్తాడు. అలా గట్టు కొంచెం కొంచెంగా సింగమ్మ పొలంలోకి జరిగిపోయింది. ఒకప్పుడు గట్టు మీదున్న తాటిచెట్ల వరస ఇప్పుడు కోటప్ప పొలం నడుమ నిలబడి ఉంది. ముంజలు కూడా అతనే తింటున్నాడు. అదీ పోనీ అనుకుంటే, వచ్చే దుక్కికి గట్టు ఆమె బావిని దాటేస్తుంది. బావి పోతే ఆ పొలంలో గడ్డిపరక కూడా మొలవదు.

"జానెడు నేల కోసం ఏం పోట్లాడతాంలే అని మొదట్లో ఊరుకున్నాను మహారాజా," అంది సింగమ్మ. "ఊరుకోవడమే నా తప్పయింది."

కోటప్ప ఏమన్నా తక్కువ తిన్నాడా? తాటిచెట్లు మా తాత నీడ కోసం పొలం మధ్యలో నాటాడన్నాడు. గట్టు ఎప్పుడూ అక్కడే ఉందన్నాడు. ప్రభువుల తీర్పు ఎలాగున్నా నాకు శిరోధార్యమని వంగి వంగి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణానికి రాజుగారు పొంగిపోయారు.

"గట్టు ఈరోజు ఎక్కడుంటే అదే హద్దు. నిన్న ఎక్కడుందని ఎవరూ అడగరాదు. ఇది మా తీర్పు," అన్నారు మీసం దువ్వుతూ.

కొమ్మనకు ప్రాణం ఉసూరుమంది. సభ ముగిశాక బయటికొస్తే, కోట మెట్ల మీద సింగమ్మ కూర్చుని ఉంది. ఏడవడం లేదు, కొంగు చివర ముడి వేస్తూ విప్పుతూ ఉంది.

"ఆ బావి మా ఆయన తవ్వాడు బాబూ," అంది. "చేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోతే నేనే ముద్దలు చేసి పెట్టాను."

కొమ్మన ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. దుక్కులు మొదలయ్యేదాకా ఓపిక పట్టమ్మా అని మాత్రం చెప్పి పంపాడు.

ఆ వారమే రాజుగారి పుట్టినరోజు వేడుకలు మొదలయ్యాయి. రోజూ అరిటాకుల్లో విందు, విందులో నేతి బొబ్బట్టు. రాజుగారికి బొబ్బట్టంటే ప్రాణం. దాన్ని ఆకు అంచున దాచుకుని, అన్నీ అయ్యాక చివర్లో కళ్లు మూసుకుని తినడం వారి అలవాటు.

మొదటిరోజు కొమ్మన ఆకు రాజుగారి ఆకును తాకీ తాకనట్టు తాకింది. మర్నాడు కొద్దిగా పైకెక్కింది. ఆ మర్నాడు ఇంకాస్త. రాజుగారు చూడకపోలేదు. కానీ ఇంత రాజ్యమేలే తాను వేలెడు ఆకు కోసం నోరు చేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? అదీగాక పుట్టినరోజు పూట రభస ఎందుకని సర్దుకుని కూర్చున్నారు. ఆకు మాత్రం సర్దుకోలేదు, జరుగుతూనే ఉంది.

వేడుకల ఆఖరి రోజున రాజుగారు పెరుగన్నం ముగించి బొబ్బట్టు కోసం చెయ్యి చాపారు. అక్కడ బొబ్బట్టు లేదు. పక్కన కొమ్మన దాన్ని తుంచి, నెయ్యి కారకుండా మడిచి, నోట్లో పెట్టుకుంటున్నాడు.

పంక్తిలో అందరి చేతులూ ఆకుల మీదే ఆగిపోయాయి. రాజుగారి ఆకులోంచి తీసుకు తినడమంటే మాటలా? కొమ్మనకూ అది తెలుసు, ముద్ద మాత్రం ఆపలేదు.

"కొమ్మనా, అది మా ఆకులోది," అన్నారు రాజుగారు పళ్లు బిగించి.

"చిత్తం. మొన్నటిదాకా మీ ఆకే ప్రభూ. ఈరోజు నా ఆకు అంచు ఇక్కడుంది. ఈరోజు ఎక్కడుంటే అదే హద్దని దండోరా కూడా విన్నాను."

"నిన్న ఎక్కడుందో నీకు తెలియదా?"

"తెలుసు ప్రభూ," అన్నాడు కొమ్మన చేతులు జోడించి. "వీరకోటప్పకూ తెలుసు."

రాజుగారు తన ఆకు వంక చూసుకున్నారు. వేలెడు ఆకేలే అని తానూ ఊరుకున్న సంగతి గుర్తొచ్చింది. జానెడు నేలేలే అన్న సింగమ్మ మాటా గుర్తొచ్చింది. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత పంక్తి దద్దరిల్లేలా నవ్వారు.

చేయి కడుక్కున్న వెంటనే గుర్రమెక్కి పొలానికే వెళ్లారు. కోటప్ప పరుగెత్తుకొచ్చి మళ్లీ తాత కథ ఎత్తుకున్నాడు.

"మీ తాత నీడ కోసం నాటితే అటొకటి ఇటొకటి నాటేవాడు," అన్నారు రాజుగారు. "దారం పట్టినట్టు ఇంత తిన్నగా ఎందుకు నాటాడయ్యా? గట్టు నడిచొచ్చింది గానీ పాపం తాటిచెట్లు నడవలేకపోయాయి."

జరిపిన మట్టినంతా తట్టలతో మోసి, తాటిచెట్ల వరసన కోటప్పే గట్టు వేయాలని ఆజ్ఞ అయింది. పాత తీర్పు రద్దయిందని రాజుగారు దండోరా వేయించారు. వేయించి, ఈ కొత్త తీర్పు కూడా ఎంత బాగా చెప్పామో చూశావా అని కొమ్మనను అడిగారనుకోండి, అది వేరే సంగతి. సింగమ్మ తన బావి దగ్గరికి వెళ్లి, నీళ్లు తోడి, ముఖం కడుక్కుని, అప్పుడు ఏడ్చింది.

కొమ్మనకు రాజుగారు తన మెడలోని హారం వేశారు. అంతటితో ఊరుకోక, ఇకమీదట తమ ఇద్దరి ఆకుల మధ్య ఒక రాగి చెంబు పెట్టాలని, దాన్ని తాటిచెట్టు అని పిలవాలని హుకుం చేశారు.

మర్నాడు సింగమ్మ గంపెడు ముంజలు పంపింది. పంక్తిలో అందరికీ వడ్డించారు. కొమ్మన మంచినీళ్లు తాగి దించేసరికి అతని ఆకులో ఒక ముంజ తగ్గింది. చెంబు అతని వైపుకు కాస్త జరిగి ఉంది.

"ప్రభూ, తాటిచెట్టు నడిచినట్టుంది," అన్నాడు కొమ్మన.

రాజుగారు నోటినిండా ముంజ పెట్టుకుని దూలాల వంక చూస్తున్నారు.