ఒంటి దారం

మర్నాడు ఏసురత్నం మొదటిసారి విమానమెక్కాలి. ఎక్కేలోగా గురువుగారి నోట ఒక్క మెప్పు మాట వినాలని అతని ఆశ.

అవి యుద్ధం రోజులు. తూర్పు కొండల దగ్గరి ఒక స్థావరం నుంచి విమానాలు మంచుకొండల మీదుగా వెళ్లి, తలుపు తెరిచి, కింద ఉన్న సైన్యానికి బియ్యం మూటలు జారవిడిచి వచ్చేవి. ఒక్కో విమానంలో నలుగురు. ఒక్కొక్కరి నడుముకూ ఒక గుడ్డ సంచి. అందులో కట్టుగుడ్డలు, రక్తం ఆపే పట్టీ, నొప్పి తెలియకుండా చేసే మందు, కాలిన చోట రాసే మలాము. ఆ సంచుల బాధ్యత ఇమాం సాహెబుది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు ఏసురత్నం.

ఇమాం సాహెబు రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ రోజు పండగే. ఆయన కుడిచేతి మూడు వేళ్లకు కొసలు లేవు. ఏమయ్యాయని ఎవరైనా అడిగితే "చలి" అని ఊరుకునేవాడు.

సంచుల మూతల్ని సన్నటి ఒంటి దారంతో కుట్టేవారు. కిందటి వారం కుదుపులకు రెండు మూతలు విచ్చుకుని, లోపలి సామానంతా కొండల్లో పడిపోయింది. పై అధికారి చిందులు తొక్కాడు. ఏసురత్నం తండ్రి చెప్పులు కుట్టేవాడు. కొడుక్కీ ఆ చెయ్యి వచ్చింది. మైనం పట్టించిన జంట దారంతో నాలుగు సంచుల మూతలూ రెండేసి వరసలు బిగించి కుట్టాడు. అధికారి చూసి భుజం తట్టాడు. ఇంకేముంది, మనవాడి కాళ్లు నేల మీద నిలవలేదు.

సాయంత్రం ఆ సంచులు తెచ్చి గురువు ముందు పెట్టాడు.

"చూడండి సాహెబు గారూ. ఏనుగు లాగినా ఊడవు."

ఇమాం సాహెబు ఒక సంచి తీసుకుని కుట్టు మీద బొటనవేలు నడిపాడు.

"మీ నాయన మంచి పనోడు" అన్నాడు.

తర్వాత మందులు చల్లగా ఉంచే మంచు తొట్టి ముందుకు లాగాడు. "చేతులు పెట్టు."

"ఎంతసేపండీ?"

"నేను చెప్పిందాకా."

చేతులు కొయ్యబారిపోయాక తీయమన్నాడు. వాటికి దళసరి ఉన్ని తొడుగులు తొడిగాడు. ఒక సంచి తన నడుముకు కట్టుకుని నేల మీద పడుకున్నాడు.

"తొడలో తూటా దిగింది. రక్తం పోతోంది. పట్టీ కట్టు."

ఏసురత్నానికి నవ్వొచ్చింది. ఆయన నవ్వకపోయేసరికి వంగి మూత పట్టుకు లాగాడు. వేళ్లు జారిపోయాయి. మళ్లీ లాగాడు. తొడుగులు విసిరేసి గోళ్లతో గీకాడు. పళ్లతో కొరికాడు. కుట్టు కుట్టినట్టే ఉంది.

"కత్తి, కత్తెక్కడండీ?"

సాహెబు కళ్లు మూసుకుని ఉన్నాడు.

"చలిగా ఉందిరా" అన్నాడు, చాలా మెల్లగా.

అది ఆయన గొంతులా లేదు. ఏసురత్నానికి భయమేసింది. రెండు చేతులతో సంచిని పీకుతూ, కుదుపుతూ, "సాహెబు గారూ, సాహెబు గారూ" అంటూనే ఏడ్చేశాడు.

కాసేపటికి సాహెబు లేచాడు. బట్టలకంటిన దుమ్ము దులుపుకున్నాడు. నడుముకున్న సంచి ఊడదీసి శిష్యుడి ఒళ్లో పెట్టి, చాప తీసుకుని నమాజుకు వెళ్లిపోయాడు.

ఆయన తిరిగొచ్చేసరికి ఏసురత్నం నాలుగు సంచుల కుట్లూ విప్పేశాడు. ఒకటి ఒంటి దారంతో మళ్లీ కుట్టి, పట్టుకుని లాగడానికి దారం కొస జానెడు వదిలాడు. దాన్ని గురువుకు అందించాడు.

ఇమాం సాహెబు కొసలు లేని ఆ వేళ్ల మధ్య దారాన్ని ఇరికించి ఒక్క లాగు లాగాడు. మూత తెరుచుకుంది. కట్టుగుడ్డలు ఆయన ఒళ్లో పడ్డాయి. వాటికేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

ఏసురత్నం ఉండబట్టలేక అడిగాడు. "కుదుపులకు మళ్లీ ఊడితే? సామాను పోతుంది కదండీ?"

"సామాను స్టోర్లో ఇస్తారు" అన్నాడు ఇమాం సాహెబు.

ఏసురత్నం సూదిలోకి ఒంటి దారం ఎక్కించాడు.